పక్షిని గీయాలంటే దాని చోటు గుర్తుండాలి

పక్షి బొమ్మలకు ఇప్పుడు కొదవ లేదు. క్యాలెండర్ల మీద, కాఫీ కప్పుల మీద, ఫోన్ తెరల మీద ఎక్కడ చూసినా రంగురంగుల రెక్కలే. చాలా బొమ్మల్లో ఈక ఈకా సరిగ్గా కుదురుతుంది, కంట్లో మెరుపు కూడా తప్పిపోదు. కానీ ఆ పిట్ట ఎక్కడ వాలుతుందో, ఏం తింటుందో, ఏ వేళ కూస్తుందో బొమ్మలో ఎక్కడా తెలియదు. ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటోను ఎదురుగా పెట్టుకుని గీస్తే ఇంతకన్నా రాదు. తమ చుట్టూ ఉండే పక్షుల్నీ, ఒకప్పుడు తిరిగిన నేలనూ గీయదలచినవాళ్లు జ్ఞాపకం నుంచే మొదలుపెట్టాలని నా వాదన. జ్ఞాపకంలో వివరాలు జారిపోతాయి, నిజమే. పక్షికీ చోటుకీ ఉన్న సంబంధం మాత్రం అంత తేలిగ్గా జారిపోదు.

చిత్రకారుడు జాన్ జేమ్స్ ఆడుబన్ అమెరికా పక్షుల్ని వాటి అసలు పరిమాణంలోనే చూపాలని పట్టుబట్టాడు. 1827 నుంచి 1838 దాకా అచ్చయిన ఆ 435 చిత్రాల్లో, అంత పెద్ద కాగితం కూడా చాలక, ఫ్లెమింగో మెడను కిందికి వంచి గీయాల్సి వచ్చింది. పక్షుల్ని కాల్చి, తీగలతో బిగించి నిలబెట్టి గీసిన పద్ధతి అది. ఈరోజు వింటే మనసు ఒప్పుకోదు. అయితే అతని కరోలినా చిలుకల చిత్రం చూడండి. ముళ్లకాయల కలుపు మొక్క మీద గుంపుగా వాలి, ఒకదాన్నొకటి తోసుకుంటూ కనిపిస్తాయి. తీగకు బిగించిన కళేబరం ఆ మొక్క సంగతి ఎలా చెబుతుంది? అడవుల వెంట తిరిగినవాడికి గుర్తున్న సంగతి అది. ఆ జాతిలో చివరిదిగా తెలిసిన చిలుక 1918లో సిన్సినాటి జూలో చనిపోయింది. ఇప్పుడు ఆ చిత్రంలో ఈకల రంగు ఎంత విలువైనదో, ఆ మొక్కా అంతే విలువైనది.

జహంగీర్ ఆస్థానంలో ఉస్తాద్ మన్సూర్ సైబీరియా కొంగను గీసిన తర్వాత శతాబ్దానికి పైగా గడిచాక, 1773లో గానీ శాస్త్రవేత్త పల్లాస్ దానికి శాస్త్రీయ నామం పెట్టలేదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేలలకు ఒకప్పుడు చలికాలంలో వచ్చే ఆ కొంగలు 2002 తర్వాత అక్కడ కనిపించలేదు. అక్కడ వాటిని చూసినవాళ్లకు ఇక మిగిలింది జ్ఞాపకమే.

గుర్తున్న నేలను గీయడం ఎంత బరువైన పనో తెలియాలంటే ఆస్ట్రేలియా వైపు చూడాలి. గ్రేట్ శాండీ ఎడారిలో పుట్టి పెరిగిన ఆదివాసులు గత శతాబ్దంలో ఆ ఎడారిని విడిచి, పశువుల క్షేత్రాలకూ ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ వంటి ఊళ్లకూ చేరారు. దశాబ్దాల తర్వాత తమ భూమి హక్కు కోసం అర్జీ పెట్టుకున్నారు. చేతిలో పట్టాలు లేవు, ప్రశ్నలు అడిగే భాష తమది కాదు. దాంతో 1997లో పిర్నిని అనే చోట నలభై మంది దాకా కళాకారులు కలిసి ఒకే పెద్ద గుడ్డ మీద తమ నేలను గీశారు. ఒక పక్క ఎనిమిది మీటర్లు, ఇంకో పక్క పది మీటర్లు. ఎవరి నీటి చెలమను వాళ్లే గీశారు. ఆ తర్వాత హక్కుల ట్రైబ్యునల్ ముందు ఆ గుడ్డను పరిచి, ఒక్కొక్కరూ తమ చోటు మీదికి వచ్చి నిలబడి, తమ భాషలోనే దాని గురించి చెప్పారు. 2007లో వాళ్ల హక్కుకు గుర్తింపు దక్కింది. న్గురారా చిత్రపటం అని దానికి పేరు.

ఆ చిత్రాన్ని సర్వే పటంతో పోల్చి, దూరాలు కొలిచి, తప్పులు పట్టడం తేలికే. అయినా నీళ్లు ఎక్కడ ఊరతాయో, ఆ చోటు ఏ కుటుంబానిదో, ఒక చెలమ నుంచి ఇంకో చెలమకు ఎలా నడవాలో ఆ గీతలకు తెలుసు. బతకడానికి అవసరమైనదాన్నే జ్ఞాపకం మోసుకొచ్చింది. ప్రకృతి చిత్రానికి ఇంతకన్నా గట్టి గీటురాయి నాకు తెలియదు.

దీనికి ఎదురు వాదన ఉంది, అది బలమైనదే. జ్ఞాపకం అందంగా అబద్ధం చెబుతుంది. చిన్నప్పటి చెరువును గీయమంటే నీలం నీళ్లు, తామర పూలు, ఒడ్డున కొంగ వచ్చేస్తాయి. బురద, తూటికాడ, దోమలు ఎటో పోతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. చేపల వేటను అధ్యయనం చేసే డేనియల్ పాలీ 1995లో ఒక సంగతి ఎత్తిచూపాడు: ప్రతి తరమూ తన తొలినాళ్లలో చూసిన స్థితినే సహజం అనుకుంటుంది, అక్కడి నుంచే నష్టాన్ని లెక్కగడుతుంది. అంటే నా జ్ఞాపకంలోని పచ్చదనం మా తాత కళ్లకు బీడు అయి ఉండొచ్చు. అందుకే నా చిత్రం ఒక్కటే సాక్ష్యం కాదు. మూడు తరాలవాళ్లు ఒకే చెరువును గుర్తున్నంతలో గీసి పక్కపక్కన పెడితే, నీళ్లు ఎంత వెనక్కి జరిగాయో, ఏ పిట్ట రావడం మానేసిందో కంటికి కనిపిస్తుంది. బడుల్లో పిల్లలతో ఈ పని ఎందుకు చేయించరో నాకు అర్థం కాదు.

జ్ఞాపకానికి తిండి పెట్టాల్సింది చూపే. పిట్ట ఎదుట ఉన్నంతసేపు చూసి, ఎగిరిపోయాక గీయడం అన్నిటికన్నా మంచి సాధన. చేయి ఎక్కడ ఆగిందో అక్కడ కన్ను సరిగ్గా చూడలేదని తేలిపోతుంది. తెల్లకొంగ ఎగిరేటప్పుడు మెడను ముడుచుకుంటుంది, నత్తగుల్ల కొంగ చాచుకుంటుంది. వడ్రంగి పిట్ట తోకను మానుకు ఆనించి నిలబడుతుంది. ఇలాంటివి రెండు మూడు సార్లు తప్పు గీస్తే, తర్వాతి చూపు సరిగ్గా అక్కడికే వెళుతుంది. ఒకే కాగితం మీద అయిదారు బొమ్మలు మొదలుపెట్టి, పిట్ట మళ్లీ అదే భంగిమలోకి వచ్చినప్పుడు ఆ బొమ్మను అందుకునే పద్ధతి కూడా మంచిదే. పక్షుల్ని ఎరిగినవాళ్లు దూరం నుంచే, రంగు తెలియకముందే, దాని వాలకాన్ని బట్టి పేరు చెప్పేస్తారు. బొమ్మకు కావలసింది ముందుగా ఆ వాలకమే.

రంగు విషయంలోనైతే జ్ఞాపకాన్ని నమ్ముకోక తప్పదు. పాలపిట్ట రెక్కలోని నీలం వర్ణద్రవ్యం వల్ల వచ్చింది కాదు. ఈక లోపలి అతి సూక్ష్మమైన నిర్మాణం వెలుతురును చెదరగొడితే ఆ నీలం పుడుతుంది. తీగ మీద కూర్చున్నప్పుడు గోధుమరంగు పిట్టలా ఉండి, ఎగరగానే నీలం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఏ రంగు ట్యూబులోనూ ఆ నీలం దొరకదు. చుట్టూ మట్టిరంగును, ఎండుగడ్డిని ఎంత మసకగా ఉంచితే ఆ నీలం అంత వెలుగుతుందన్నది ఆ రోజు ఎండను గుర్తుపెట్టుకున్నవాళ్లకే తోస్తుంది. పక్షిని దాని నేల నుంచి వేరుచేసి తెల్ల కాగితం మధ్యలో పెట్టినప్పుడు పోయేది ఇదే.

ప్రకృతి చిత్రాల పోటీలకు మార్కులు వేసేవాళ్లు ఈ విషయం పట్టించుకోవాలి. ఫొటోకు ఎంత దగ్గరగా ఉందన్నది కాకుండా, ఈ పక్షిని ఎక్కడ, ఏ కాలంలో, ఏం చేస్తుండగా చూశావని గీసినవాళ్లను అడగాలి. జవాబును చిత్రం వెనక రాయించాలి. ముందుగా ఆ ప్రశ్న కాకినీ పిచ్చుకనీ గోరింకనీ గీసినవాళ్లను అడగాలి. రోజూ కనిపిస్తాయి కదా అని చాలామంది గీయని పక్షులు అవి.