చుక్కలు వేసి కూర్చోబెట్టిన తర్వాత

మా అమ్మకు 72 ఏళ్లు, షుగర్ వచ్చి ఇరవై ఏళ్లయింది. కంటి లోపలి వెనుక పొర అయిన రెటీనా పరీక్ష కోసం గత నెలలో ఆమెను ఒక పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లాను. ఉదయం 7 గంటలకే ఓపీ చీటీ వరుసలో నిలబడినా, చూపు పరీక్ష ముగిసేసరికి 10 దాటింది. 10.30కి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. ఆ చుక్కలకు అరగంట చాలు, కానీ లోపలికి పిలిచింది 2 గంటలకు. పాప మళ్లీ ముడుచుకుపోతోందని, చుక్కలు ఇంకోసారి వేయించుకుని రమ్మన్నారు డాక్టరుగారు. షుగర్ మాత్ర వేసుకుని వచ్చిన మనిషి, వరుస పోతుందన్న భయంతో అప్పటిదాకా టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు.

డాక్టరును నేను తప్పుపట్టను. అంతమంది మధ్య కూడా ఆయన ఓపికగానే చూశారు. తప్పంతా కళ్లద్దాల నంబరు కోసం వచ్చినవారినీ, శుక్లం ఆపరేషన్ తర్వాత చూపించుకోవడానికి వచ్చినవారినీ, రెటీనా పరీక్ష కావలసినవారినీ ఒకే వేళకు రప్పించి ఒకే బల్ల మీద కూర్చోబెట్టే పద్ధతిలో ఉంది.

దీనికి దారి తెలియక కాదు. 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని మొదలుపెట్టిన డాక్టర్ జి. వెంకటస్వామి, చూపు కొలవడం, చుక్కలు వేయడం వంటి పనులను శిక్షణ పొందిన సిబ్బందికి అప్పగించి, డాక్టరు సమయాన్ని డాక్టరు మాత్రమే చేయగల పనికి మిగిల్చారు. మన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి సంస్థ పల్లెల్లో విజన్ సెంటర్లనే చిన్న కంటి పరీక్షా కేంద్రాలు పెట్టి, అక్కడే తేలిపోయే సమస్యలను అక్కడే తేల్చేస్తోంది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన ప్రభుత్వ కంటి పరీక్షా శిబిరాల పథకం కంటి వెలుగు, చూపు పరీక్షకు పట్నం దాకా రానక్కరలేదని ఊరూరా చూపించింది. అయితే శిబిరం వచ్చి వెళ్లిపోతుంది, షుగర్ ఉన్నవారికి ఏటా పరీక్ష కావాలి. ప్రతి మండలంలోనూ ఏడాది పొడవునా పనిచేసే కంటి పరీక్షా కేంద్రం ఒకటి ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను. పెద్దాసుపత్రిలోనైతే, చుక్కలు వేసిన సమయాన్ని చీటీ మీద రాసి ఆ వరుసలోనే లోపలికి పిలవడానికి పైసా ఖర్చు లేదు.

షుగర్ వల్ల రెటీనా దెబ్బతింటున్నా, నీటికాసులు (గ్లకోమా) వచ్చినా, మొదట్లో చాలామందికి నొప్పీ ఉండదు, మసకా ఉండదు. బాధేమీ లేనివారు ఇంతసేపు కూర్చుని విసిగితే మళ్లీ రారు, అందుకే ఈ నిరీక్షణ ప్రమాదకరం. తిరుగు ప్రయాణంలో, ఎండకు కొంగు కప్పుకుని కూర్చున్న అమ్మ, "బాగానే కనిపిస్తోంది కదరా, మళ్లీ ఎందుకు?" అంది.

మూడు నెలల తర్వాత రమ్మని చీటీ మీద తేదీ వేశారు. పక్కన గంట కూడా వేయమని కౌంటర్లో అడిగాను. "అందరూ పొద్దున్నే రావాలండీ" అన్నారు.