బడి గంటకీ ఇంటి తాళానికీ మధ్య బిడ్డ ఎన్ని చేతులు మారుతోంది?

బడికి ముందు, బడి తర్వాత చిన్నపిల్లల్ని చూసుకుంటామని బోర్డు పెట్టుకున్న చోట్లు శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో తక్కువే. ఆ ఖాళీని నింపుతున్నది ప్రైవేటు, అంటే ఇంటి దగ్గర చెప్పే ట్యూషను. ఒకటో తరగతి పిల్లాణ్ణి సాయంత్రం నాలుగింటికి ప్రైవేటుకి పంపేది ఎక్కాల కోసం కాదు, అమ్మ ఆరున్నరకి గానీ ఇల్లు చేరదు కనుక. కావలసింది కాపలా. ఎంచుకునేటప్పుడు అడిగేది మాత్రం హోంవర్కు చేయిస్తారా, ఫీజెంత అని. అసలు తప్పు ఇక్కడే జరుగుతోంది.

చట్టాలూ పథకాలూ బడికెళ్లే ఈ వయసును దాదాపు వదిలేశాయి. ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలన్న నిబంధన 1948 చట్టం నాటిది. 50 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే సంస్థలన్నీ క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే గది, పెట్టాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించారు. అంగన్‌వాడీ ఉంది, కేంద్రం నడిపే మిషన్ శక్తి కింద పాల్నా అనే క్రెష్ పథకం ఉంది. కానీ అంగన్‌వాడీ, పాల్నా, ఫ్యాక్టరీ గది, మూడూ ఆరేళ్లతో ఆగిపోతాయి. ఆరు నిండిన బిడ్డకి బడి వదిలాక తలుపు తీసి ఉంచే బాధ్యత ఎవరిమీదా లేదు. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో షిఫ్టు చేసే తల్లికీ, విజయనగరం నుంచి రోజూ విశాఖకు రైల్లో వెళ్లొచ్చే తండ్రికీ చిక్కు మొదలయ్యేది అక్కడే.

చోటు వెతకబోయే ముందు ఒక కాగితం మీద రోజంతా రాయండి. బిడ్డ ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరుతుంది, ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళుతుంది, మీరు ఎన్నింటికి తిరిగొస్తారు. రైలు సరిగ్గా వచ్చిన రోజు కాదు, దారిలో కంటకాపల్లి దగ్గర ఆగిపోయిన రోజు లెక్క వేసుకోవాలి. దానికి మరో అరగంట కలపండి. ఇప్పుడు చేతులు ఎన్నిసార్లు మారాయో లెక్కపెట్టండి. ఇంటి నుంచి ఆటో, ఆటో నుంచి బడి, బడి నుంచి మళ్లీ ఆటో, అక్కణ్ణించి ప్రైవేటు, ప్రైవేటు నుంచి పక్కింటి పిన్ని, ఆవిడ దగ్గర్నుంచి మీరు. ఆరు. పిల్లలు తప్పిపోవడం గదుల్లో కంటే ఈ మార్పుల దగ్గరే ఎక్కువ జరగడానికి వీలుంది. ఆటో రాకపోతే ఇవాళ నాన్న తీసుకెళ్లి ఉంటాడని బడివాళ్లు అనుకుంటారు. పిల్ల రాకపోతే ఒంట్లో బాగోలేదేమోనని ప్రైవేటు మేడం అనుకుంటుంది. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ ఫోన్ చెయ్యరు. అందుకే అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇది: నాలుగూ పదికి రావలసిన పిల్ల రాకపోతే, ఎవరు, ఎన్ని నిమిషాల్లో, ఎవరికి ఫోన్ చేస్తారు? పది నిమిషాలు దాటకూడదు. జవాబు తడబడితే ఆ చోటు ఎంత శుభ్రంగా ఉన్నా వద్దు.

ఆటో విషయంలోనూ పట్టుబట్టాలి. తీసుకోవలసిన మనిషి గుమ్మంలోకి వచ్చేదాకా బండి కదలకూడదు. డ్రైవరు పక్కన పిల్లల్ని కూర్చోబెట్టకూడదు, కుడివైపు కడ్డీ ఉండాలి. అతను రాని రోజు వచ్చే బదిలీ మనిషి పేరు, నంబరు, ముఖం మీకు ముందే తెలిసి ఉండాలి. బిడ్డని అప్పగించదగిన వాళ్ల పేర్లు నలుగురికి మించకుండా రాసి బడికీ ప్రైవేటుకీ ఒకటే చీటీ ఇవ్వండి.

పొద్దుటిపూట గురించి ఎవరూ అంతగా ఆలోచించరు. కంపెనీ బస్సు ఎనిమిదింపావుకి, బడి తొమ్మిదింటికి. అందుకని బిడ్డని ఎనిమిదింటికే గేటు లోపల దింపేసి వెళ్లిపోతారు. లోపల వాచ్‌మన్ ఒక్కడే ఉంటే ఆ గంట బిడ్డని చూసేవాళ్లు లేనట్టే. టీచరో ఆయానో ఎన్నింటికి వస్తారో తెలుసుకుని, అంతవరకూ అదే వీధిలో ఒక ఇల్లు మాట్లాడుకోవడం మేలు.

చూసుకునే చోటుకి పొద్దున్న కాదు, చెప్పకుండా సాయంత్రం ఐదుంపావుకి వెళ్లండి. ఇరవై నిమిషాలు కూర్చోండి. మేడం అప్పటికి వంటింట్లో ఉందా, పిల్లల్ని టీవీ చూసుకుంటోందా? పాతికమందికి ఒక్కరే ఉంటే, ఒక పిల్లాడు బాత్రూంకి వెళ్లిన క్షణంలో ఇరవై నాలుగు మందిని ఎవరూ చూడటం లేదన్నమాట. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకి పదిమందికొకరు, ఎప్పుడూ మరో పెద్దమనిషి ఇంట్లో ఉండటం మేము అడగమని చెప్పే కొలత. సంపు మూత, నీళ్ల డ్రమ్ము, మేడమెట్ల తలుపు, గేటు గడియ స్వయంగా తడిమి చూడండి. ఇంట్లో ఇంకెవరెవరు ఉంటారు, ఏ గదికి లోపల గడియ ఉంది, బాత్రూంకి ఎవరు తీసుకెళతారు అనేవి మొహమాటపడకుండా అడగాల్సిన ప్రశ్నలు. అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యొచ్చు. లైంగిక వేధింపులైతే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది.

మధ్యాహ్నం పన్నెండున్నరకి తిన్న బిడ్డ నాలుగింటికి ఆకలితో వస్తుంది. ఆకలి తీరకుండా పుస్తకం ముందు కూర్చోబెడితే ఏడుపే మిగులుతుంది. ఉడికించిన పల్లీలు, అరటిపండు, ఉప్మా ఏదైనా ముందు పెట్టాలి, తర్వాత అరగంట ఆట, ఆ పైన పుస్తకం.

చేర్చాక మొదటి రెండు వారాలు దింపేటప్పుడు ఏడవడం మామూలే. మూడో వారంలోనూ ఏడుస్తున్నా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా ఆగి ఆలోచించాలి. నీళ్ల సీసా నిండుగా తిరిగొస్తూ, ఇంటికి రాగానే బిడ్డ బాత్రూంకి పరిగెడుతోందంటే అక్కడి బాత్రూం చీకటిగానో మురికిగానో ఉందని, లేదా అడగడానికి భయపడుతోందని అర్థం. వెళ్లి చూసి రండి.

అమ్మమ్మో నానమ్మో ఉంటే చేతులు మారడం తగ్గుతుంది, అందుకే అది మంచి ఏర్పాటు. అయితే పల్లెలో పొలం ఉన్న ఆవిడ ఊడ్పులకీ కోతలకీ వెళ్లిపోతుంది. మోకాళ్ల నొప్పులతో ఇద్దరు పిల్లల వెనక పరిగెత్తలేదు కూడా. ఆ నెలలకి రెండో మనిషిని ముందే చూసుకోవాలి.

మా ఉద్దేశంలో అన్నిటికంటే మంచిది బడి వరండాయే. బిడ్డ అక్కడే ఉంటే రెండు మార్పులు తగ్గిపోతాయి. పదీ పదిహేను కుటుంబాలు కలిసి, ఆరున్నర దాకా ఇద్దరు ఆయాల జీతం మేమే పంచుకుంటామని రాసిచ్చి హెడ్మాస్టరుని అడగాలి. బాత్రూం తాళం, లైటు, చివరి బిడ్డ వెళ్లేదాకా ఉండే మనిషి పేరు ఆ కాగితంలోనే ఉండాలి. ఏ ఒక్కరూ విడిగా అడిగితే కుదరదంటారు.

ఏ ఏర్పాటైనా ఫీజు మాట్లాడేటప్పుడే మూడు సందర్భాలు తేల్చుకోండి. మేడంకి జ్వరమొస్తే ఎవరు చూస్తారు? 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ లాంటి తుపాను వేళ కలెక్టరు బడులకి సెలవిచ్చినా కంపెనీ సెలవివ్వకపోతే బిడ్డ ఎక్కడ ఉంటుంది? మూడోది ఒంటిపూట బడులు. మార్చి మధ్యలో బడి పన్నెండున్నరకే వదిలేస్తే రెండున్నర గంటల కాపలా ఆరు గంటలవుతుంది, భోజనమూ నిద్రా కలుస్తాయి. ఆ నెలన్నరకి ఎంత అదనం, అన్నం ఎవరిది, పడుకోవడానికి ఫ్యాను కింద చోటుందా అన్నవి ఫిబ్రవరిలోనే మాట్లాడుకోవాలి. మార్చిలో అడిగేసరికి ఆ చోట్లు నిండిపోయి ఉంటాయి.