ఉలవలు ఉడికిన నీళ్లు పారబోయకండి

2025 మార్చిలో మా ఆయన ఉద్యోగం పోయింది. ఏ కంపెనీ, ఎందుకు అనేవి ఇక్కడ వద్దు, ఐదు నెలలు జీతం లేదు అంతే. నా ట్యూషన్ల డబ్బులతోనే నలుగురం గడపాలి. అద్దె ఆపలేం, పిల్లల ఫీజు ఆపలేం, దానికి తోడు ఏప్రిల్లో సిలిండర్ మీద ఒకేసారి 50 పెంచేసరికి మా హైదరాబాద్‌లో 905 అయింది. తగ్గించుకోవడానికి నా చేతిలో ఉన్నది వంటిల్లొక్కటే.

సరే అని ఫోన్ తీసి బడ్జెట్ వంటలు అని వెతికితే అన్నీ పనీర్, చీజ్, క్రీమ్, మయొనీసే. వంద రూపాయల్లో ఇంటిల్లిపాదికీ డిన్నర్ అంటారు, సాస్ రెండు చెంచాలకే లెక్క కడతారు, మరి షాపువాడు మనకి రెండు చెంచాలు కొలిచి అమ్ముతాడా అండీ, సీసా మొత్తం కొనాల్సిందే కదా, మిగిలింది ఫ్రిజ్ తలుపులో ఆర్నెల్లు పడుంటుంది. ఇంక గ్యాస్ లెక్క అయితే ఒక్కరు కూడా చెప్పరు. ముప్పావుగంట పొయ్యి మీద ఉండాల్సిన వంట ఎంత చవక కూరగాయతో చేసినా చవక కాదు. నాకు నిజంగా కోపం వచ్చేది ఇక్కడే, ఎందుకంటే ఇలాంటి వీడియోలు చూసి చేసేవాళ్లలో సరదాకి చూసేవాళ్లతో పాటు అవసరం కొద్దీ చూసే మాలాంటోళ్లు చాలామంది ఉంటారు.

మాది తెనాలి, అత్తగారిది జనగామ దగ్గర పల్లెటూరు. పెళ్లయి పన్నెండేళ్లయినా అత్తమ్మ వంటలు నేను తిన్నానే తప్ప నేర్చుకోలేదు. మే నెలలో అత్తమ్మ వచ్చినప్పుడు ఒకరోజు పిల్లలకి గుగ్గిళ్లు చేద్దామని ఉలవలు ఉడకబెట్టి, కుక్కర్‌లో నీళ్లు సింకులోకి వంచబోతున్నా. గబుక్కున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఆగు బిడ్డా, సత్తువంతా అండ్లనే ఉన్నది" అని గిన్నె పెట్టి వార్చుకుంది. నల్లగా కాఫీ డికాక్షన్‌లా ఉన్నాయి ఆ నీళ్లు. అందులో కాస్త చింతపండు రసం, ఉప్పు, పసుపు, నాలుగు పచ్చిమిరపకాయలు చీల్చి వేసి ఒక్క పావుగంట మరగనిచ్చి, వెల్లుల్లి దండిగా దంచి తాలింపు పెట్టింది. అంతే. ఉలవచారు అసలు మా వైపు వంటే, కానీ మా అమ్మ చేస్తే గంటలు గంటలు మరిగి చిక్కగా అయ్యేది, మీగడ వేసుకుని తినేవాళ్లం, అంత గ్యాస్ ఎవరు కాలుస్తారని నేను ఇన్నేళ్లూ దాని జోలికే పోలేదు. అత్తమ్మ చేసింది పల్చటి ఉలవ కట్టు. అన్నంలోకి రెండు పూటలు వచ్చింది. వార్చిన ఉలవలకి ఉల్లిపాయ, ఎండుమిరపకాయ తాలింపు వేసి పైన కాస్త కొబ్బరి కోరితే పిల్లలకి సాయంత్రం గుగ్గిళ్లు. ఒక గ్లాసు ఉలవలు, ఒక్కసారి కుక్కర్, మొత్తం ఇరవై రూపాయలు కూడా కాలేదు. రాత్రంతా నానబెట్టడం మాత్రం మర్చిపోకండి, నానకపోతే విజిల్స్ మీద విజిల్స్ వస్తూనే ఉంటాయి, మిగిలిన డబ్బులన్నీ గ్యాస్‌కే పోతాయి.

ఆ రోజు నుంచి ఏది వండినా ఇందులోంచి రెండోది ఏం వస్తుందా అని చూడటం అలవాటైపోయింది. బీరకాయ తెస్తే కూర ఒకటి, తొక్కతో పచ్చడి ఇంకోటి. తొక్క తీసేముందే కాయ బాగా కడిగి, గట్టి ఈనెలు పడేసి, ఒక చెంచా నూనెలో తొక్క పచ్చి వాసన పోయేదాకా మగ్గించి, పచ్చిమిర్చి, జీలకర్ర, చింతపండు, వేయించిన నువ్వులతో కచ్చాపచ్చాగా నూరాలి, మెత్తటి పేస్ట్ చేస్తే రుచి పోతుంది. ఆనపకాయ తొక్కతో కూడా ఇంతే. తోటకూర ఆకు పప్పులోకి, కాడలు పులుసులోకి. పప్పు ఉడికాక పైన తేరిన కట్టు తీసి చారు పెడితే ఆ పూటకి విడిగా కందిపప్పు అక్కర్లేదు.

అన్నిటికంటే మమ్మల్ని ఆదుకుంది మాత్రం పచ్చిపులుసు. పొయ్యితో పెద్దగా పనే లేదు, మిరపకాయలు కాల్చడానికి, తాలింపుకి కాసేపు చాలు. 2023 జులైలో టమాటా కిలో 150 దాటినప్పుడే నాకు తట్టాల్సింది, పులుపు కావాలంటే ఇంట్లో చింతపండు ఉంది కదా అని. నిమ్మకాయంత చింతపండు నానేసి పల్చగా రసం తియ్యండి, పచ్చిమిరపకాయలు మంట మీద నల్లమచ్చలు వచ్చేదాకా కాల్చండి, సన్నగా తరిగిన ఉల్లిపాయలో ఆ మిరపకాయలు, ఉప్పు వేసి చేత్తో గట్టిగా పిసకండి. ఈ పిసకడంలోనే ఉంది అంతా, చెంచాతో కలిపేస్తే ఉల్లిపాయ రసం దిగదు. రసం పోసి, కొంచెం బెల్లం, కొత్తిమీర, ఒక చెంచా నువ్వుల పొడి వేసి తాలింపు పెట్టండి. పక్కన పెసరపప్పు కిచిడీ ఒక్క కుక్కర్‌లో అయిపోతుంది. వారంలో రెండు రాత్రులు మా ఇంట్లో ఇదే తిన్నాం, పిల్లలు ఒక్కరోజు కూడా పేచీ పెట్టలేదు.

ఒకసారి ఫోన్లో మా దగ్గరి చుట్టాలావిడ ఏం వండావమ్మా అని అడిగితే కిచిడీ, పచ్చిపులుసు అన్నా. "అయ్యో, అంత కష్టంగా ఉందా" అంది. ఆ మాటకి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కష్టం ఉంది, నిజమే, దాచను. కానీ పచ్చిపులుసు తినడం ఆ కష్టానికి గుర్తు ఎలా అవుతుంది, అత్తమ్మ వాళ్లింట్లో పంట బాగా పండిన ఏడు కూడా అదే తిన్నారు, ఇష్టంగా తిన్నారు. అదే ఉలవచారుని హోటల్లో బిర్యానీ మీద పోసి మూడొందలకి ఇస్తే ఫోటోలు తీసుకుంటాం. ఇంట్లో చేస్తే మాత్రం లేమి అంటాం. ఈ మాట అనేవాళ్లు ఒక్కసారి ఆలోచించండి, అవతల వండిపెట్టే మనిషికి ఎలా ఉంటుందో.

కూరగాయలు యాప్‌లో తెప్పించడం పూర్తిగా మానేశా. డెలివరీ ఛార్జీ పడకూడదని అవసరం లేనివి ఇంకో వంద రూపాయలవి వేసేదాన్ని ప్రతిసారీ. ఇప్పుడు ఎర్రగడ్డ రైతుబజార్‌కి సాయంత్రం చీకటి పడే టైమ్‌కి వెళ్తా, ధరలు బోర్డు మీద రాసుంటాయి, పైగా ఆకుకూరలవాళ్లు కట్టలు మిగిలిపోతాయని ఆ వేళకి ఇంకా తగ్గించి ఇస్తారు. తోటకూర, గోంగూర, మెంతికూర ఏది చవకైతే అది. చికెన్ నెలకి రెండుసార్లే, అదీ అర కిలో, గోంగూర దండిగా వేసి వండితే నలుగురికీ రెండు పూటలు సరిపోతుంది. కొర్రలు, అరికెలు చవక భోజనం అని రాసేవాళ్లతో మాత్రం నేను ఒప్పుకోను. మంచివే, కాదనను, కానీ సిటీలో వాటి ధర బియ్యం కంటే బాగా ఎక్కువ, నెల గడవని ఇంటికి అవి చెప్పకండి.

ఇంక సర్వపిండి, అంటే బియ్యప్పిండితో చేసే తెలంగాణ కారం రొట్టె. 2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్‌లో మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు కదా, అత్తమ్మ, మామయ్య తినగా మిగిలినవి మాకు మూట కట్టి తెచ్చేది. అందులో రెండు కిలోలు పిండి పట్టిస్తే నెలంతా పిల్లల స్నాక్స్ కొనే పని లేదు. పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు, కారం, ఉప్పు వేసి నీళ్లతో కలిపి, నూనె రాసిన మందపాటి గంజులో (లోతు గిన్నెలో) లోపలివైపు పల్చగా వత్తి, వేలితో చిల్లులు పెట్టి ఒక్కో చిల్లులో చుక్క నూనె వేసి, మూతపెట్టి సన్నటి సెగ మీద వదిలెయ్యాలి. తిరగెయ్యక్కర్లేదు, ఒకవైపు ఎర్రగా కాలితే చాలు. రెండోది వత్తాలంటే గంజు చల్లారాలి, లేకపోతే చేతులు కాల్తాయి, అత్తమ్మ అయితే గంజు బోర్లించి వెనకవైపు నీళ్లు చల్లి క్షణంలో చల్లారుస్తుంది. పిండికి మాత్రం ప్యాకెట్ కొనకండి, బియ్యం కడిగి ఆరబెట్టి గిర్నీలో (పిండి మరలో) పట్టించుకోండి, మా వీధి చివర గిర్నీ ఆయన కిలోకి పది రూపాయలే తీసుకుంటాడు.