రెండు గంటలే కదా!

దక్షిణ కొరియా మాజీ అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ గారికి ప్రపంచం చాలా అన్యాయం చేసింది. పాపం, ఆయన చేసిందేమిటి? 2024 డిసెంబర్ 3, మంగళవారం రాత్రి పదిన్నరకు కాస్త ముందు, జనం అన్నాలు తిని పడుకోబోయే వేళ, టీవీలో కనిపించి మార్షల్ లా, అంటే సైనిక పాలన, పెట్టేశానన్నారు. యుద్ధం లేదు, తిరుగుబాటు లేదు, కనీసం తుఫాను హెచ్చరిక కూడా లేదు. ప్రతిపక్షం బడ్జెట్‌లో కోతలు పెడుతోంది, ప్రాసిక్యూటర్ల మీద అభిశంసన తీర్మానాలు తెస్తోంది, కాబట్టి ఉత్తర కొరియా కమ్యూనిస్టుల నుంచి దేశాన్ని కాపాడాలట. ఈ రెండింటికీ లంకె ఏమిటని అడిగితే మీకు దేశభక్తి లేనట్టే.

అది కూడా భరించొచ్చు. నాకు ఒళ్లు మండింది తొమ్మిది రోజుల తర్వాత. మళ్లీ టీవీలోకి వచ్చి, నేను చేసింది తిరుగుబాటు అంటున్నారే, రెండు గంటల తిరుగుబాటు అనేది ఈ లోకంలో ఎక్కడైనా ఉందా అని జాతిని నిలదీశారు. ప్రతిపక్షానికి ఒక హెచ్చరిక చేద్దామనుకున్నారట, అంతే. తర్వాత రాజ్యాంగ న్యాయస్థానంలో ఇంకో మెట్టెక్కి, అసలు ఏమీ జరగలేదు, ఇదంతా చెరువులో చంద్రుడి నీడ వెంట పడ్డట్టుంది అని కవిత్వం కూడా చెప్పారు.

ఏమీ జరగలేదు. సరే. రెండు గంటలు. సరే.

లెక్క చూద్దాం. ప్రకటించే ముందు జరిగిన కేబినెట్ సమావేశం, రికార్డుల ప్రకారమే, ఐదు నిమిషాలు. నలుగురు కూర్చుని టీ చెప్పినా అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది. అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు పార్లమెంటు దాన్ని రద్దు చేయమంది. ఈయన తెల్లవారుజామున నాలుగున్నర దాకా ఉలకలేదు, పలకలేదు. ఆ తర్వాత వచ్చి చెప్పిందేమిటంటే, ఎత్తేస్తాను గానీ వేళ కాని వేళ కదా, కేబినెట్‌కు ఇంకా కోరం రాలేదని! పెట్టడానికి అర్ధరాత్రి అడ్డం రాలేదు, తీయడానికి మాత్రం మంత్రుల నిద్ర అడ్డొచ్చింది. రాత్రి పదిన్నర నుంచి పొద్దున నాలుగున్నరకు రెండు గంటలని లెక్క కట్టిన ఈయన తొమ్మిదో ప్రయత్నంలో లాయర్ పరీక్ష పాసయ్యారు. అందులో లెక్కల పేపర్ లేదనుకుంటా.

ఆ "ఏమీ జరగని" రాత్రి జరిగిన వాటిలో నాకు బాగా నచ్చింది గోడ దూకుడు. సియోల్‌లో పార్లమెంటు గేట్లకు పోలీసులు అడ్డం నిలబడ్డారు. స్పీకర్ వూ వన్ షిక్, అరవై దాటిన పెద్దమనిషి, ఏం చేస్తాడు? కోటు వేసుకుని, తన సొంత ఆఫీసుకు ప్రహరీ ఎక్కి వెళ్లాడు. ఆయన ఎక్కుతుంటే వెనకనున్న భద్రతా సిబ్బంది ఫొటో తీశారు, రేపు మనవళ్లకు చూపించడానికి పనికొస్తుందనేమో. ప్రతిపక్ష నాయకుడు లీ జే మ్యుంగ్ కారులోంచే లైవ్ పెట్టి, జనాన్ని పార్లమెంటుకు రమ్మని పిలుస్తూ, ఆ ఫోను చేత్తో పట్టుకునే గోడ దూకాడు. అవతల హెలికాప్టర్లు పార్లమెంటు ఆవరణలో దిగుతున్నాయి, కమాండోలు కిటికీ అద్దాలు పగలగొడుతున్నారు, లోపల ఎంపీల సహాయకులు కుర్చీలూ సోఫాలూ అడ్డం పెట్టి, నిప్పార్పే సిలిండర్లతో సైనికుల మీద తెల్లపొడి కొడుతున్నారు. ఇంత గోలలో ఎంపీలు "ఓటింగ్ పెట్టండి, ఓటింగ్ పెట్టండి" అని అరుస్తుంటే, స్పీకర్ గారు మాత్రం పద్ధతి ప్రకారమే జరగాలని భీష్మించుకు కూర్చున్నారు! తలుపు అవతల తుపాకులు, ఇవతల రూల్ బుక్. ఆ గోడ దూకిన మనిషి ఒక్క నియమం కూడా దూకలేదు. చివరికి 300 మందిలో 190 మంది అందారు, 190 మందీ మార్షల్ లా వద్దనే ఓటేశారు, అందులో 18 మంది అధ్యక్షుడి సొంత పార్టీవాళ్లే.

ఇంకో దళాన్ని ఎన్నికల సంఘం మీదికి పంపారు. ఎన్నికల్లో మోసం జరిగిందని అక్కడి యూట్యూబ్ ఛానెళ్లు ఏళ్ల తరబడి ఊదరగొడుతుంటే, సారు సర్వర్లు చూసి రమ్మన్నారన్నమాట. మన దగ్గర వాట్సాప్ యూనివర్సిటీలో చదివినవాళ్లు ఫ్యామిలీ గ్రూపుల్లో ఫార్వర్డులతో సరిపెట్టుకుంటారు, అక్కడ ఆ పట్టభద్రుడి చేతిలో సైన్యం ఉంది. వెళ్లిన వాళ్లలో కొందరు దారిలో షాపు దగ్గర ఆగి నూడుల్స్ తింటూ కాలక్షేపం చేశారని తర్వాత బయటపడింది. ఆ నూడుల్స్‌కు ఏదైనా పతకం ఇవ్వాలి.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. ఆ రాత్రి వచ్చిన ఉత్తర్వు నంబర్ 1 చదివితే మాత్రం నాకు నవ్వు రాదు. పార్లమెంటు, పార్టీలు, సభలు, సమ్మెలు అన్నీ బంద్. పత్రికలు, టీవీలు సైన్యం చేతికింద. మెడికల్ సీట్ల గొడవలో డ్యూటీ వదిలేసిన జూనియర్ డాక్టర్లు 48 గంటల్లో తిరిగి రావాలి, రాకపోతే శిక్ష. ఈ ముక్క ఎందుకు పెట్టావయ్యా అని రక్షణ మంత్రిని నవ్వుతూ అడిగానని, హెచ్చరికగా పెట్టానంటే తానూ నవ్వి వదిలేశానని ఈయన కోర్టులోనే చెప్పుకున్నారు. నవ్వారట! 1980 మేలో ఇలాంటి మార్షల్ లానే దేశమంతటికీ విస్తరిస్తే గ్వాంగ్జూ వీధుల్లో సైన్యం జనాన్ని కొట్టి, పొడిచి, కాల్చి చంపింది. బిడ్డల ఫొటోలు పట్టుకుని అప్పటి నుంచీ తిరుగుతున్న తల్లులున్న దేశంలో, ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని ఆ కాగితం చూసి నవ్వుకున్నారు.

రెండు గంటలు అంటాడా! మన ఎమర్జెన్సీకీ ఒక మొదటి రెండు గంటలుంది. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో పత్రికలకు కరెంటు తీసేసిన గంటలవి. కేబినెట్‌కు తెల్లారాక తెలిసింది. ఆ రెండు గంటలు 21 నెలలు సాగాయి, మధ్యలో డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో నక్సలైట్ ఉద్యమంలోని భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరి తీశారు. అక్కడ అది ఒక్క రాత్రితో ఆగిపోయిందంటే ఈయన ఆపాడా? ఇంటికి నిప్పు పెట్టినవాడు, చుట్టుపక్కలవాళ్లు బిందెలతో పరిగెత్తుకొచ్చి ఆర్పేస్తే, "చూశారా, ఎంత చిన్న మంటో" అన్నట్టుంది. చలిలో అర్ధరాత్రి చెప్పులేసుకుని వచ్చి సైనిక వాహనాలకు అడ్డం నిలబడ్డవాళ్ల కష్టాన్ని తన మంచితనం కింద రాసుకోవడానికి సిగ్గుండాలి.

2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఎనిమిది మంది జడ్జీలూ ఒక్క మాట మీద ఈయన్ను పదవి నుంచి పీకేశారు. పార్లమెంటు అంత త్వరగా తీర్మానం చేయగలిగిందంటే అది జనం ఎదిరించినందుకు, సైనికులు, పోలీసులు మనసు పెట్టి పని చేయనందుకు అని తీర్పులోనే రాశారు.

ఆ ఆగస్టులో విచారణకు తీసుకెళ్దామని అధికారులు ఈయన్ను పెట్టిన జైలుకు వెళ్తే, ఈ మాజీ ప్రాసిక్యూటర్ జనరల్ లోదుస్తుల మీద నేల మీద పడుకుని రానంటే రానన్నారు. 48 గంటల్లో డ్యూటీకి రాని డాక్టర్ల సంగతి చూస్తానన్నది ఈయనే.