యూరోస్టార్ కిటికీలోంచి చేపలు కనపడవండీ

ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక వీడియో తెగ తిరుగుతోంది. నీలం నీళ్లలో అద్దాల గొట్టం, అందులో దూసుకుపోయే రైలు, పక్కనే తిమింగలం. కింద రాతలు: "లండన్ నుంచి పారిస్‌కి సముద్రంలో 300 కి.మీ. వేగం! ప్రపంచంలోనే అతి పొడవైన సొరంగం! నీళ్లు లీకైతే అంతే సంగతులు! పాస్‌పోర్ట్ చెకింగ్ ఉండదు, ఎక్కి కూర్చోవడమే!" వాళ్లు చెప్పేది ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య సముద్రం కింద తవ్విన చానెల్ టన్నెల్ గురించి, అందులోంచి లండన్-పారిస్ తిరిగే రైలే యూరోస్టార్. రైలుందన్న మాట ఒక్కటే నిజం.

ముందు ఆ అద్దాల సంగతి. సొరంగం నీళ్లలో లేదు, సముద్రం అడుగున ఉన్న నేలకి కూడా సగటున 40 మీటర్లకు పైగా కింద ఉంది. ఇంగ్లండ్ వైపు ఫోక్‌స్టన్ దగ్గర లోపలికి వెళ్లిన రైలు ఓ ఇరవై నిమిషాలకి ఫ్రాన్స్‌లో కలే పక్కన తేలుతుంది. ఆ ఇరవై నిమిషాలూ బయట చీకటి, కిటికీలో మన మొహం. అంతకుమించి చూడ్డానికేం లేదు, ఫోన్ చూసుకోవడమే.

300 వేగం నిజమే, కానీ సొరంగం బయట. లోపల 160 దాటరు. ఎందుకంటే అదే పట్టాల మీద లారీల్నీ కార్లనీ మోసే షటిల్ రైళ్లు 140 వేగంతో నడుస్తుంటాయి, వాటి వెనక 300తో వెళ్తే ఏమవుతుందో ఊహించుకోండి. పైగా ఇరుకు గొట్టంలో గాలిని తోసుకుంటూ వెళ్లాలి, దాంతో వేడి పుడుతుంది. ఆ వేడి తగ్గించడానికి లోపల పొడవునా చల్లటి నీళ్ల పైపులు వేశారు.

అతి పొడవైనదా? కాదు. మొత్తం 50 కి.మీ. చిల్లర. స్విట్జర్లాండ్‌లో గొట్టార్డ్ రైలు సొరంగం 57, జపాన్‌లో సైకాన్ రైలు సొరంగం దాదాపు 54. సముద్రం కింద ఉన్న భాగం మటుకే లెక్కేస్తే ఇదే ఫస్ట్, 38 కి.మీ.

ఇక లీకేజీ భయం. తవ్వింది సుద్దరాయి, బంకమన్ను కలిసిన పొరలో. అందులోంచి నీళ్లు సులువుగా దిగవు, పైన లైనింగ్ వేశారు, ఊరే కాస్త నీటినీ పంపులతో తోడేస్తారు. 1994లో మొదలైన దగ్గర్నుంచి సముద్రం లోపలికి వచ్చిందే లేదు. అసలు ఇబ్బంది పెట్టింది నిప్పు. 1996లో, 2008లో లారీల షటిళ్లు తగలబడ్డాయి, కానీ ఎవరూ చనిపోలేదు. కారణం, అక్కడున్నది ఒక్క సొరంగం కాదు, రైళ్లకి రెండు, వాటి మధ్య జనం తప్పించుకోవడానికి మూడోది ఇంకోటుంది. ప్రతి 375 మీటర్లకీ దాంట్లోకి దారి. అందులో గాలి ఒత్తిడి ఎక్కువ ఉంచుతారు కాబట్టి తలుపు తెరిచినా పొగ అటు రాదు. నీళ్ల వల్ల రైళ్లు ఆగింది 2009 డిసెంబర్‌లో, అదీ ఆకాశంలోంచి పడ్డ మంచు వల్ల! పొడి మంచు ఇంజన్లలోకి దూరి, సొరంగం వెచ్చదనానికి కరిగి, కరెంటు పరికరాలు పాడై ఐదు యూరోస్టార్లు లోపలే చిక్కుకుపోయాయి. రాత్రంతా జనం నరకం చూశారు. భయపెట్టాలనుకుంటే ఇది రాసుకోవాల్సింది.

చివరిది ప్రమాదకరమైన అబద్ధం, ఎందుకంటే ఇది నమ్మితే డబ్బులు పోతాయి. చెకింగ్ ఉంది, కాకపోతే రైలెక్కకముందే. లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లోనే ఫ్రాన్స్ పోలీసులు కూర్చుని పాస్‌పోర్ట్ చూస్తారు, పారిస్ గార్ దు నోర్‌లో బ్రిటిష్ ఆఫీసర్లు చూస్తారు. అక్కడైపోతుంది కాబట్టి దిగాక నేరుగా రోడ్డు మీదకి నడిచి వెళ్లిపోవచ్చు, అది చూసి ఎవరో చెకింగే లేదనేసి ఉంటారు. మన పాస్‌పోర్ట్‌తో పారిస్ వెళ్లాలంటే యూకే వీసా సరిపోదు, షెంజెన్ వీసా (ఫ్రాన్స్‌తో పాటు చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే ఉమ్మడి వీసా) కూడా కావాలి. తిరిగి లండన్ రావడానికి యూకే వీసా చెల్లుబాటులో ఉండాలి. పిల్లల్ని చూడ్డానికి లండన్ వెళ్తూ, పనిలో పనిగా పారిస్ కూడా అనుకునే అమ్మానాన్నలు షెంజెన్ పని ఇక్కడ విమానం ఎక్కకముందే తేల్చుకోండి, విజిట్ వీసా మీద వెళ్లాక అక్కడ అప్లై చేయడం మామూలుగా కుదరదు.