తూము ఎక్కడ పూడిందో కూడా రైతే వెతకాలా?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మాది చిన్న డీటీపీ షాపు. అన్నీ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లే, అంటే ఎవరైనా వాడుకుని మార్చుకోగలిగేవి. పోయిన శ్రావణంలో ఒక పెళ్లి కార్డును వాట్సాప్ కోసం ఇమేజ్‌గా తీస్తే, 'లక్ష్మి' కింద మ వత్తు సగం తెగిపోయింది. పెళ్లికూతురి పేరది! వాళ్ల నాన్న ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "ఇదేందన్నా, మా బిడ్డ పేరుకు కాలిరిగినట్టున్నది?" అన్నాడు.

చెప్తే బాగుచేస్తారు కదా అనుకున్నా. చెప్పేదెవరికి?

తెర మీద ఒక తెలుగు అక్షరం కనపడాలంటే ఒక్కరి పని కాదు. వత్తుల బొమ్మలు ఫాంట్‌లో ఉంటాయి. ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో చాలా సాఫ్ట్‌వేర్లలో హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాం లెక్కగడుతుంది. గీసేది మరొకటి, మనం టైప్ చేసేది ఇంకొకటి, అన్నీ మూటగట్టి ఇచ్చే డిస్ట్రో (లినక్స్ కూర్పు) వేరు. తప్పు చెప్పుకోవడానికి ఎవరి గుమ్మం వారిదే. టైప్ చేసే లిబ్రెఆఫీస్‌కు బగ్‌జిల్లా అనే ఫిర్యాదుల సైటు, హార్ఫ్‌బజ్‌కు గిట్‌హబ్ సైటు, 2018లో గిట్‌ల్యాబ్ సైటుకు మారిన డెస్క్‌టాప్ గ్నోమ్, ఈమెయిల్ పంపాల్సిన డిస్ట్రో డెబియన్. లోపలికి పోయాక 'కాంపొనెంట్ ఎంచుకోండి', అంటే తప్పు ఏ భాగంలో ఉందో చెప్పమని చాంతాడంత జాబితా. అది తెలిస్తే నేనే బాగుచేసుకునేవాణ్ణి కదా!

నేను వాడే సాఫ్ట్‌వేర్ వాళ్లకు రాస్తే, "వేరే ఫాంట్‌తో బాగానే ఉంది, ఫాంట్ వాళ్లకు చెప్పండి" అని క్లోజ్ చేశారు. ఫాంట్ వాళ్లకు రాస్తే, "బ్రౌజర్‌లో బాగానే ఉంది, ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లనే అడగండి" అని వీళ్లూ క్లోజ్. రెండూ నేనూ చేసి చూశా. ఇద్దరూ చెప్పింది నిజమే! ఆ ఫాంట్, ఆ సాఫ్ట్‌వేర్ కలిస్తేనే వత్తు తెగుతోంది. రెంటి మధ్యన పడ్డ తప్పుకు గుమ్మమే లేదు.

మా ఊరు మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద చివరి పొలాలు. మడికి నీళ్లు రాకపోతే మా నాన్న కాలువ చూసుకునే లష్కర్‌కు ఒక మాట చెప్పేవాడు, అంతే. పూడింది తూమా, పిల్లకాలువ మైనరా, దాని పైనున్న మేజర్ కాలువలోనే నీళ్లు లేవా అన్నది లష్కర్ సైకిలెక్కి పైకి పోయి చూసొచ్చేవాడు. ఈ సాఫ్ట్‌వేర్ వాళ్లూ తమకు పైనుంచి వచ్చే మూల ప్రాజెక్టును 'అప్‌స్ట్రీమ్' అంటారు, అంటే ఎగువే. కాకపోతే ఎగువకు నన్ను పొమ్మంటారు.

జీతం లేకుండా రాత్రిళ్లు పనిచేసేవాళ్లే చాలామంది, తెలుసు. బాగుచేయడానికి ఏడాది పట్టినా నాకు కోపం లేదు. కానీ బగ్‌జిల్లాలో కాంపొనెంట్ మార్చడం నిమిషం పని. గిట్‌హబ్‌లో కూడా ఒకే సంస్థ రిపోజిటరీల (ప్రాజెక్టు ఖాతాల) మధ్య ఇష్యూను, అంటే ఫిర్యాదును, ట్రాన్స్‌ఫర్ చేయొచ్చు. గడప దాటాల్సి వస్తే లింకు పెట్టి, అవతలివాళ్లకు వాళ్ల భాషలో రెండు ముక్కలు రాయొచ్చు. మెట్రిక్స్ (అక్షరం కొలతలు), క్లిప్పింగ్ (అంచు తెగడం) లాంటి మాటలు వాళ్ల నోట్లో ఆడుతుంటాయి. నాకు తెలిసింది మ వత్తు తెగిందని, అంతే.

రెండు రిపోర్టులూ ఇంకా క్లోజయ్యే ఉన్నాయి. ఆ రోజు పేరు కింద ఒక ఖాళీ లైను చేర్చి కార్డు పంపించా. ఇప్పటికీ లక్ష్మి పేరున్న ఏ కార్డు వచ్చినా, ముందు ఆ ఖాళీ లైను కొట్టాకే మిగతా పని.