పాటల పంపకానికి ఒక ట్రిబ్యునల్ కావాలి

కృష్ణా నీళ్లకు బచావత్ ట్రిబ్యునల్ వచ్చింది, అది చాలక బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ వచ్చింది. పాటలకు మాత్రం ఇంతవరకూ ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇది తెలుగుజాతికే తలవంపులు.

మొన్న గుంటూరులో ఒక పెళ్లిలో డీజే కుర్రాడు ఒక జానపదం వేశాడు. మగపెళ్లివారిది నల్గొండ. ‘ఇది మా పాట’ అన్నారు. ఆడపెళ్లివారిది పల్నాడు. ‘మా నాయనమ్మ రోకలి పట్టుకుంటే ఇదే పాడేది’ అన్నారు. వంటవాళ్లది శ్రీకాకుళం. ‘మా ఊరిదేనండి, మధ్యలో రెండు చరణాలు మింగేశారు’ అంటూ గరిటెతో సహా బయటికొచ్చారు. బంతి గంట ఆలస్యమైంది. డీజే కుర్రాడు మాత్రం పాట తనదేనన్నాడు. యూట్యూబులో ఉన్నది అతని పేరు మీదే కాబట్టి ఇంకెవరైనా పాడితే కాపీరైట్ స్ట్రైక్ కొడతాడట!

అందుకే నా ప్రతిపాదన. 811 టీఎంసీల కృష్ణా నీళ్లను 2015లో రెండు రాష్ట్రాలూ ఆంధ్రకు 512, తెలంగాణకు 299గా వాడుకుందామని తాత్కాలికంగా ఒప్పుకున్నాయి కదా, ప్రతి పాటనూ అదే లెక్కన పంచాలి. మిగులు జలాలు వాడుకునే స్వేచ్ఛ దిగువనున్న మనకు బచావత్ ఇచ్చాడు కనుక, ఉయ్యాలోలు, తందానలు, ఓలమ్మీలు వగైరా మిగులు పదాలన్నీ ప్రకాశం బ్యారేజీ దగ్గరే ఆగిపోవాలి.

మొదటి కేసు సర్వాయి పాపడిది. జనగామ దగ్గర ఖిలాషాపూర్‌లో కోట కట్టిన కల్లుగీత కులస్థుడు. మొగలు ఫౌజులతో తలపడి 1710లో ప్రాణం పోగొట్టుకున్నాడు. అతని మీద పాటను జె.ఎ. బాయిల్ అనే ఇంగ్లీషు దొర 1874లో అచ్చేశాడు. దొర పాట విన్నది ఓరుగల్లులో కాదు, బళ్లారి వైపు. నిజాం సరిహద్దు దాటి, తుంగభద్ర దాటి, పాట అంత దూరం ఎవరి అనుమతితో పోయినట్టు? దానికితోడు ఆ బళ్లారి 1953లో మైసూరులో కలిసింది. అంటే వీరుడిది తెలంగాణ, విన్నచోటు ఇప్పుడు కర్ణాటక, భాష తెలుగు కనుక వాటా మనకూ ఉంది, అచ్చయిన పత్రిక బొంబాయిది. నాలుగు రాష్ట్రాల లాయర్లకు ఒక తరం గడిచిపోతుంది.

బుర్రకథ విషయంలో మాత్రం చర్చే అక్కర్లేదు. పొన్నెకల్లు నాజర్ మనవాడు, 1986లో పద్మశ్రీ వచ్చింది, కాబట్టి ‘తందాన తాన’ గుంటూరు జిల్లా ఆస్తి. అంతకుముందు అది జంగం కథ, జంగాలు ఊరూరా తిరిగేవాళ్లు అని ఎవరో గొణుగుతున్నారు. ఆ మాటను రికార్డుల నుంచి తొలగించాలి.

అసలు దొంగరవాణా జరిగేది మిరపచేలల్లో. ఏటా కోతల కాలానికి ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే మన జిల్లాలకు దిగుతాయి. చేను పక్కనే పట్టాల గుడిసెలు, మూడు రాళ్ల పొయ్యి. మూటల్లో ఏముందో అడిగే నాథుడు లేడు. సత్తెనపల్లి దగ్గర ఒక చేలో నా చెవులతో విన్నాను. ఒకావిడ ‘ఆదోని సంతలో అద్దాల గాజులు’ అని ఎత్తుకుంది. రెండో సాలు తిరిగేసరికి మన ఊరి ఆడవాళ్లు వంత అందుకున్నారు. నరసరావుపేట అంటే నోరు తిరగదు, దరువు తప్పుతుంది. మనవాళ్లు మామూలుగానే పేట అంటారు కదా, ‘పేట సంతలోన’ అని ఒక ‘న’ అతికించి లెక్క సరిచేసుకున్నారు. చేను చివరికొచ్చేసరికి అత్తను తిట్టే చరణంలోంచి అత్త మాయమై మేస్త్రీ దూరాడు. ఆయన ఫోను చెవిన పెట్టుకుని, ఎవరూ చేయని ఫోనుకు హలో హలో అంటూ గట్టు దిగిపోయాడు.

పోతిరెడ్డిపాడు కాలువ దగ్గర నీళ్లు కొలిచే టెలిమెట్రీ కావాలని తెలంగాణవాళ్లు కొట్లాడారు, ప్రతి చేనుకూ ఒక పాటమీటరు మనం పెట్టించుకోలేమా? కోడళ్ల మీద కూడా నిఘా ఉండాలి. జిల్లా దాటి కాపురానికొచ్చే ప్రతి పిల్లా సారె పెట్టెలో లాలిపాటలు లేవని రాసివ్వాలి. కాలేజీ సీటుకు వరసగా నాలుగేళ్లు ఇక్కడ చదివితేనే లోకల్ అంటున్నప్పుడు, నిన్నగాక మొన్నొచ్చిన పాటను ఉయ్యాల దాకా రానిస్తామా?

ట్రిబ్యునల్ కూర్చుందే అనుకుందాం. మొదటి సాక్షి ఆ ఆదోని ఆవిడే.

‘ఈ పాట ఎక్కడ నేర్చుకున్నావమ్మా?’

‘మా అత్త కాడ సామీ.’

‘మీ అత్తది ఏ ఊరు?’

‘సిరుగుప్ప.’

లాయర్లు గబగబా మ్యాపులు విప్పుతారు. సిరుగుప్ప కర్ణాటకలో ఉంది. మమ్మల్నీ కేసులో చేర్చండంటూ బెంగళూరు లాయరు ఇంప్లీడ్ పిటిషన్ వేస్తానని లేస్తాడు.

‘ఆ పాట ఒకసారి పాడి వినిపించు.’

‘యా పాట సామీ? దండిగ ఉండాయి. ముందు ఈ పొద్దు కూలి ఎవరిస్తారో చెప్పండి.’

ఆ కూలి ఏ రాష్ట్రం ఖాతాలో వేయాలన్న దానిపై వాదనలు వినేందుకు కేసు వచ్చే మిరప కోతలకు వాయిదా.